మా తాత పేరు పడలేదన్నా

పోయిన ఏడాది ఆగస్టు 29న నేను నిద్ర లేచేసరికి తొమ్మిది దాటింది. రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లవారుజామున చీరాలలో దిగి, ఇంటికొచ్చి పడ్డవాణ్ణి పడ్డట్టే పడుకున్నాను. ఫోన్ చార్జింగ్ పెట్టి ఆన్ చేయగానే టపటపా మెసేజ్‌లు రాలాయి. తెలుగు భాషా దినోత్సవం కదా, మన పత్రిక ప్రత్యేక సంచిక పొద్దున్నే అన్ని గ్రూపుల్లోకీ వెళ్ళిపోయింది. "కవర్ కేక", "ఈసారి డిజైన్ వేరే లెవెల్ మామా" అని ఒకటే పొగడ్తలు. డిజైన్ నాదే మరి. మంచం మీద నుంచి లేవకుండా ఒక్కొక్కటీ చదువుకుని మురిసిపోతున్నాను.

అన్నిటికన్నా కింద విడిగా ఒక మెసేజ్ ఉంది. సివిల్ సెకండియర్ అమ్మాయి, ఆ సంచికలోనే మొదటిసారి రాసింది.

"అన్నా, మా తాత పేరు పడలేదు. రాత్రి నేనే ఏదో నొక్కినట్టున్నాను. సారీ అన్నా."

పీడీఎఫ్ తెరిచి ఆమె పేజీకి వెళ్ళాను. చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ తాత జీవితమంతా వేలిముద్రే వేశాడు. ఆమె ఇంటర్ సెలవుల్లో పలక కొని, ఆయన చేయి పట్టుకుని సంతకం నేర్పించింది. నెలన్నర పట్టింది. పింఛను కాగితం మీద మొదటిసారి ఆయన తన పేరు తనే రాసుకున్నాడు, ఒక ఒత్తు వదిలేసి. ఆమె దాన్ని దిద్దలేదు. ఆయన రాసినట్టే ఉండనిచ్చింది. వ్యాసం ఆఖరి వాక్యం "ఆయన తన పేరు ఇలా రాశాడు:" అని ఆగుతుంది. దాని కింద విడిగా ఒక లైన్లో ఆ పేరు, ఒత్తు లేకుండా. అంతే వ్యాసం.

పీడీఎఫ్‌లో "ఆయన తన పేరు" వరకే ఉంది. తర్వాత ఖాళీ. పేజీ అడుగున నేను ముచ్చటపడి పెట్టిన పలక బొమ్మ మాత్రం భద్రంగా ఉంది.

ఆమె సారీ చెప్పింది కానీ తప్పు ఆమెది కాదు. ఎవరిదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన పత్రికను మేం ఫిగ్మాలో తయారుచేస్తాం. ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళు కూర్చుని ఒకే ఫైల్ మీద పనిచేయొచ్చు, విద్యార్థులకు ఎడ్యుకేషన్ ప్లాన్ ఉచితం, మాకు ఆ రెండూ చాలు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నవన్నీ అందులో ముందే ఉంటాయి, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. తెలుగువే చాలా ఉన్నాయి: మండలి, మల్లన్న, రామభద్ర, సురవరం, గిడుగు, నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు. మార్కుల కోసం ఇంటర్‌లో తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్న బ్యాచి మాది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లు వరసగా చూసింది ఫాంట్ల డ్రాప్‌డౌన్‌లోనే. నవ్వుకోండి పర్వాలేదు, మీలో సగం మందిదీ అదే కథ.

ఆ సంచికకు కవర్ మీద పేరు గిడుగు ఫాంట్‌లో పెట్టాను. గిడుగు రామమూర్తి పుట్టినరోజు సంచికకు ఆయన పేరున్న అక్షరాలే వాడాలని నా చాదస్తం. లోపలి పేజీలన్నీ మండలిలో. ఆ అమ్మాయి వ్యాసం దగ్గరికొచ్చేసరికి మాత్రం మనసు ఊరుకోలేదు. చదివి ఒక రోజంతా అదే ఆలోచన. అందరి పేజీల్లా కాకుండా ప్రత్యేకంగా ఉండాలనుకున్నాను. నాన్న పాత హార్డ్‌డిస్క్‌లోంచి తెచ్చుకున్న పోతన 2000 నా లాప్‌టాప్‌లో ఉంది. ఉచితంగా దొరికే పాత యూనికోడ్ ఫాంటే. ఆ అక్షరాలు నాకు స్కూలు పుస్తకంలా అనిపిస్తాయి. పలక, బలపం ఉన్న కథకు అదే సరైందనుకున్నాను. పేజీ బాగా కుదిరింది. ఎడిటర్ అక్కకు చూపిస్తే "బాగుందిరా, అలాగే ఉంచు" అంది.

అక్కడే పప్పులో కాలేశాను. గూగుల్ ఫాంట్ అయితే ఫైల్ ఎక్కడ తెరిచినా దొరుకుతుంది. నా లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్న ఫాంట్ నా లాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఫిగ్మా దాన్ని నాకు చూపిస్తుంది, వాడుకోనిస్తుంది, కానీ నా టీమ్‌లో మిగతా ఐదుగురికీ పంచిపెట్టదు. ఇది తెలియక కాదు, తట్టలేదు. ఎందుకంటే వాళ్ళు ఫైల్ తెరిచినా పేజీ నేను పెట్టినట్టే కనబడుతుంది. చూసినంతసేపూ ఏ తేడా లేదు. పైన చిన్న గుర్తొకటి వస్తుంది, 'ఏ' పక్కన ప్రశ్నార్థకం. ఫాంట్ లేదని చెప్పే గుర్తు అది. మా టీమ్‌లో ఒకడు దాన్ని హెల్ప్ బటన్ అనుకున్నాడట. అసలు సంగతి బయటపడేది అక్షరం దిద్దబోయినప్పుడు. ఈ ఫాంట్ మీ దగ్గర లేదు, బదులు ఏది పెట్టమంటారు అని అడుగుతుంది.

ఆ రాత్రి సరిగ్గా అదే జరిగింది. పదకొండున్నరకు ఆ అమ్మాయి చివరి ప్రూఫ్ చూసుకుంది. "సంతకం" అన్నచోట సున్న ఎగిరిపోయి "సతకం" అని ఉంది. సంతకం గురించిన వ్యాసంలో ఆ మాటే తప్పు పడితే ఎలా ఉంటుంది చెప్పండి. నాకు ఫోన్ చేసింది. నా ఫోన్ చార్జింగ్ అయిపోయి, నేను బస్సులో గుర్రు పెడుతున్నాను. ఎడిటర్ అక్క "ఫైల్ లింక్ ఉందిగా, నువ్వే దిద్దేయమ్మా" అంది. ఆమె రూమ్మేట్ లాప్‌టాప్‌లో ఫైల్ తెరిచింది. ఫాంట్ మార్చమంటారా అని అడిగితే, మార్చకపోతే సున్న పెట్టనివ్వడం లేదు కాబట్టి సరేనంది. జాబితాలో పైన కనబడ్డ తెలుగు ఫాంట్ ఒకటి ఎంచుకుంది. సున్న పెట్టింది, సంతోషంగా పడుకుంది.

కొత్త ఫాంట్‌లో అక్షరాలు కొంచెం వెడల్పు. వెడల్పయితే లైన్‌కు పట్టే మాటలు తగ్గుతాయి, లైన్లు పెరుగుతాయి. నేనేమో ఆ పేజీలో పలక బొమ్మకు చోటు కావాలని టెక్స్ట్ బాక్స్ ఎత్తు పెరగకుండా బిగించేశాను. దాని చుట్టూ ఉన్న ఫ్రేమ్‌కు, హద్దు దాటినదాన్ని దాచేసే 'క్లిప్ కంటెంట్' పెట్టాను. పెరిగిన లైన్లు కిందికి జారి ఫ్రేమ్ వెనక మాయమయ్యాయి. పోయినవి రెండే లైన్లు. ఆ రెంటిలోనే ఆయన పేరుంది. పొద్దున ఆరింటికి అక్క పీడీఎఫ్ తీసి అన్ని గ్రూపుల్లో పెట్టేసింది.

అంటే చూడండి, తన వ్యాసంలో ఒక సున్న సరిచేసుకోవడానికి రాసినమ్మాయికే వీల్లేకుండా చేసింది నేను. వీలు కోసం ఆమె తలుపు తోస్తే గోడ కూలింది. సారీ ఆమె చెప్పింది.

టీ కూడా తాగకుండా లాప్‌టాప్ పట్టుకుని షాపుకి పరిగెత్తాను. ఇంట్లో నెట్ అంతంతమాత్రం. మా నాన్నకు డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు. నిజం చెప్పాలంటే, కాలేజీలో "నాన్న ఏం చేస్తారు" అని అడిగితే "బిజినెస్" అని ఊరుకునేవాణ్ణి. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా అంటే నాకు చిన్నచూపు. మనం క్లౌడ్‌లో పనిచేసేవాళ్ళం కదా.

సంగతంతా చెప్పాను. ఆయన ఏదో పెళ్ళికార్డు దిద్దుతూ తల తిప్పకుండానే విన్నాడు.

"కర్వ్స్ చేయకుండా బయటికి పంపారా?"

"ఇది ప్రెస్సుకి కాదు నాన్నా, ఆన్‌లైన్..."

"ఏ లైన్ అయితే ఏంట్రా. నీ దగ్గరున్న ఫాంట్ అవతలివాడి దగ్గర ఉందో లేదో అడిగావా?"

అడగలేదు. అప్పుడు చెప్పాడు. నేను పుట్టకముందు సంగతట. ఒక పెళ్ళికార్డు కంపోజ్ చేసి, సీడీలో వేసి వేరే ఊరి ప్రెస్సుకి పంపాడు. అప్పట్లో తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చుని ఉండేవి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో తెలుగు, లేని కంప్యూటర్లో ఇంగ్లీషు గజిబిజి. గజిబిజి వచ్చినా బాగుండేది, ఎవరో ఒకరు చూసేవాళ్ళు. అక్కడ దాదాపు అదే వరసలో అక్షరాలున్న వేరే వెర్షన్ ఉంది. కార్డంతా బాగానే వచ్చింది, పెళ్ళికూతురి పేరులో ఒక ఒత్తు తప్ప. నాలుగొందల కార్డులు. మళ్ళీ తన డబ్బుతో వేయించి ఇచ్చాడు.

"అప్పట్నుంచి కంట్రోల్ క్యూ కొట్టకుండా ఒక్క ఫైలూ గడప దాటలేదు" అన్నాడు.

కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొడితే అక్షరాలు కర్వ్స్ అయిపోతాయి. అంటే అవి ఇక అక్షరాలు కావు, అక్షరాల ఆకారంలో ఉన్న గీతలు. ఫాంట్ ఉన్నా లేకున్నా గీత మారదు. ఫిగ్మాలోనూ ఆ పని చేయొచ్చు, 'ఫ్లాటెన్' అంటే అదే. కానీ గీత అయ్యాక దాన్ని దిద్దలేం, వెతకలేం, కాపీ చేసుకోలేం, చూపులేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపించలేదు. ఐదుగురు కలిసి దిద్దుకునే ఫైల్లో మధ్యలోనే కర్వ్స్ చేస్తే అందరి చేతులూ కట్టేసినట్టే. నాన్న మందు మా జబ్బుకు పూర్తిగా సరిపోదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నేరుగా వచ్చి తగిలింది.

యూనికోడ్ వచ్చాక ఆ బాధలన్నీ పోయాయని నేను అనుకునేవాణ్ణి. చాలావరకు పోయిన మాట నిజమే. ఇప్పుడు ఫాంట్ మారినా 'క' 'క'గానే ఉంటుంది. కానీ యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 128 గదులే. అందులో ఒత్తులకు విడిగా గదులు లేవు. మనం 'శ్రీ' అని కొడితే ఫైల్లో ఉండేది నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. 'స్త్రీ' అయితే ఆరు. వీటిని కలిపి ఒకే అక్షరంగా ఎలా గీయాలో చెప్పే నియమాలు ఫాంట్‌లో ఉంటాయి. అందుకే మాట ఒకటే అయినా ఒక ఫాంట్‌లో ఒత్తు పక్కన కూర్చుంటుంది, ఇంకోదాంట్లో కిందికి దిగుతుంది. వెడల్పు మారుతుంది, ఎత్తు మారుతుంది. రాసినమాట చెక్కుచెదరకపోయినా పేజీ చెదిరిపోతుంది. మాకు జరిగింది అదే. ఆయన పేరు ఫైల్లోంచి ఎక్కడికీ పోలేదు. ఫ్రేమ్ అంచు కింద అక్షరాలా అలాగే ఉంది. కనబడలేదంతే.

షాపులో కూర్చుని వెర్షన్ హిస్టరీ తెరిచి, రాత్రి పదింటి పేజీని చూసి, సున్న పెట్టి, బాక్సు ఎత్తు దానంతటదే పెరిగేలా మార్చి, పలక బొమ్మ చిన్నది చేశాను. ఈసారి పోతన వాడలేదు, అన్ని పేజీల్లాగే మండలి పెట్టాను. పది నలభైకి కొత్త పీడీఎఫ్ వెళ్ళింది. కానీ వాట్సాప్ సంగతి తెలుసు కదా. పాతది అప్పటికే ఎన్ని గ్రూపులు దాటిందో. ఇప్పటికీ ఎవరి ఫోన్లోనో పేరు లేని పేజీ ఉంటుంది.

ఆ తర్వాతి సంచిక నుంచి మేం కొన్ని మార్చుకున్నాం. ఈ ఏడాది టీమ్‌లోకి వచ్చే జూనియర్లు ఇదొక్కటీ శ్రద్ధగా చదవండి.

మొదటిది, ఫైల్ తెరవగానే వచ్చే పేజీ ఇప్పుడు ఫాంట్ల పేజీ. ఏ సంచికకు ఏ ఫాంట్లో అక్కడ రాసి ఉంటుంది. మూడుకు మించవు: శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి, ఇంగ్లీషు మాటలకూ అంకెలకూ ఒకటి. మూడూ గూగుల్ ఫాంట్సే. ఫాంట్లను విడివిడిగా తగిలించకుండా టెక్స్ట్ స్టైల్స్‌గా పెట్టుకున్నాం. 'పాఠం' అనే స్టైల్‌లో ఫాంట్ మారిస్తే దానికి కట్టుబడ్డ పేజీలన్నీ ఒక్కసారే మారతాయి. నాలాంటివాడు ఒక పేజీ మీద ప్రేమ పుట్టి చాటుగా మార్చేస్తే ఆ పేజీ స్టైల్ నుంచి విడిపోయి దొరికిపోతుంది.

రెండోది, బోల్డ్. మండలికి ఉన్నది ఒకే మందం. దాన్ని ఎంచుకుని బోల్డ్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫిగ్మాలో లావెక్కదు, ఫాంట్‌లో లేని మందాన్ని అది సొంతంగా పుట్టించదు. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు అయితే సన్నం నుంచి బాగా లావు దాకా ఉంటాయి. కాబట్టి మధ్యలో ఉపశీర్షికలు లావుగా కావాలనుకుంటే ఆ సంగతి ఫాంట్ ఎంచుకునే రోజే చూసుకోవాలి. సగం పేజీలయ్యాక కాదు.

మూడోది, లైన్ల మధ్య దూరం. ఇంగ్లీషుకు సరిపోయిన 120 శాతం మనకు చాలదు. పైన గుడులు, కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. మేం 150 నుంచి 160 మధ్య పెడుతున్నాం. పాఠం ఉన్న ఏ బాక్సుకూ ఎత్తు బిగించం.

నాలుగోది, బయటి ఫాంట్ తప్పనిసరి అయితే ముందు గ్రూపులో అడగాలి. "ఫాంట్ పంపు బ్రో" అంటే వాట్సాప్‌లో తోసేయడం కాదు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నదైతే దర్జాగా పంచుకోవచ్చు. డబ్బు పెట్టి కొన్నదైతే లైసెన్స్ ఎంతమందికి ఉందో చూడాలి, ఎవరో గీసి అమ్ముకునే అక్షరాలు అవి. పంచుకున్నాక అందరూ ఒకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయాలి. ఒకే పేరుతో రెండు వెర్షన్లుంటే మా నాన్న నాలుగొందల కార్డుల కథే. బ్రౌజర్లో ఫిగ్మా వాడేవాళ్ళు దాని ఫాంట్ ఇన్‌స్టాలర్ కూడా వేసుకుని ట్యాబ్ రిఫ్రెష్ చేయాలి, డెస్క్‌టాప్ యాప్ అయితే అది అక్కర్లేదు. సంస్థ మొత్తానికి ఫాంట్ ఒకేచోట అప్‌లోడ్ చేసే సదుపాయం ఉంది కానీ అది పెద్ద కంపెనీలు తీసుకునే ప్లాన్‌లలో. మన ల్యాబ్ సిస్టమ్‌లలో అయితే ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. కాబట్టి టీమ్‌లో ఒక్కరు ల్యాబ్‌లో పనిచేస్తున్నా బయటి ఫాంట్ మాట ఎత్తకూడదు.

ఐదోది, పీడీఎఫ్ తీశాక ప్రతి రచన ఆఖరి లైన్‌ను, రాసినవాళ్ళు పంపిన ప్రతితో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కో సంచికకు పావుగంట పని.

వీటిలో ఏదీ బ్రహ్మవిద్య కాదు. నాకు తెలియనివీ కావు. ఆ ఫైల్లో నేనొక్కణ్ణే లేనన్నది మరిచిపోయానంతే. నా స్క్రీన్ మీద బాగుంటే అందరికీ బాగున్నట్టే అనుకున్నాను. అందరికీ కనబడటం వేరు, అందరూ చేయిపెట్టగలగడం వేరు. మనం కలిసి చేస్తున్నాం అనాలంటే రెండోది ఉండాలి.

ఫాంట్ల పేజీలో అడుగున ఒక పరీక్ష లైన్ పెట్టుకున్నాం. ఏ ఫాంట్ తీసుకోవాలన్నా ముందు ఇందులో చూస్తాం: లక్ష్మి, స్త్రీ, మత్స్యం, ఊర్ధ్వం, జ్ఞాపకం, కృష్ణ, దుఃఖం. ఎక్కడైనా ఒత్తు తెగినా, పక్క లైన్‌కు గుద్దుకున్నా ఆ ఫాంట్ పక్కకే. ఆ లైన్ చివర ఇంకో పేరు కూడా ఉంది, ఒత్తు లేనిది. కొత్తగా వచ్చిన ప్రూఫ్‌రీడర్లు దాన్ని చూసి ఒత్తు పెట్టబోతుంటారు. పెట్టొద్దని పక్కన నోట్ రాశాం.

దసరా సెలవుల ముందు ఆ అమ్మాయి మళ్ళీ మెసేజ్ పెట్టింది. "అన్నా, తాత ఫోన్లో చదవలేడు. ఆ పేజీ ప్రింట్ తీయించి ఇద్దామనుకుంటున్నా. మా ఊరి జిరాక్స్ షాపులో తీస్తే సరిగ్గా వస్తుందా?"

వస్తుంది. పీడీఎఫ్‌లో ఫాంట్ ఇమిడే ఉంటుంది, భయం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రాత్రి ఆ ఒక్క పేజీనీ విడిగా కాపీ తీసి, మళ్ళీ పోతన 2000లోకి మార్చి, ఆఖరి రెండు లైన్లూ మూడుసార్లు చూసుకుని, మొత్తం కర్వ్స్ చేసి పంపాను.